లావు పిడి

ఆ ఎండాకాలమంతా మా ఇంట్లో మా ఆవిడ బొటనవేలి గురించే మాటలు. నా బొటనవేలి ఊసు ఎవరూ ఎత్తలేదు. ఎత్తకుండా నేనే చూసుకున్నాను.

మాది అద్దాల కొట్టు. కిటికీ అద్దాలు, బీరువా అద్దాలు, మొహం చూసుకునే అద్దాలు, గోడకు గోడంత నిలబడే మందపాటి పలకలు. కొనడానికి నోరు కావాలి, కొయ్యడానికి కన్ను కావాలి, మోయడానికి బొటనవేలు కావాలి. కండలు చూసుకుని మా పనిలోకి వచ్చినవాళ్లు వారం తిరక్కుండా పోవడం చాలాసార్లు చూశాను. అద్దాన్ని భుజాన వేసుకోలేం, నెత్తిన పెట్టుకోలేం, తాడు కట్టి లాగలేం. కింది అంచు ఒక అరచేతిలో ఉంటుంది, పక్క అంచు రెండో చేతి వేళ్ల మధ్య ఉంటుంది. ఒక వైపు నాలుగు వేళ్లు, ఇంకో వైపు బొటనవేలు ఒక్కటే. ఆ ఒక్కటీ అలిసిందంటే మిగతా నాలుగూ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

అందుకే మా నాన్న బతికున్న రోజుల్లో గోడౌను గుమ్మం దగ్గర ఒక డంబెల్ పెట్టించాడు. రెండు చివర్లా ఇనుప దిమ్మలు మామూలువే. పిడి మాత్రం మామూలుది కాదు. మీద లావుపాటి గొట్టం తొడిగించాడు. ఎంత పెద్ద చెయ్యైనా వేళ్లు దాని చుట్టూ తిరిగి బొటనవేలిని అందుకోలేవు. సన్న పిడి అయితే వేళ్లు కొక్కెంలా ముడుచుకుంటాయి, బొటనవేలు వాటిమీద గడియ వేస్తుంది. దీనికి గడియ పడదు. నేల వదిలిన క్షణం నుంచీ చేతిలోంచి దొర్లి జారిపోవాలనే చూస్తుంది. అద్దం బుద్ధీ అదేనని నాన్న అనేవాడు. పెద్ద పలక ముట్టుకోబోయే ప్రతివాడూ ఆ పొద్దున దాన్ని ఒంటిచేత్తో ఎత్తి, గోడౌను నుంచి వీధి గుమ్మం దాకా నడిచి, చప్పుడు కాకుండా దించాలి. ఎత్తలేని రోజు పలక జోలికి పోకూడదు. ముందురోజు ఒళ్లు అలిసినా, మనసు బాగాలేకపోయినా అది పట్టేస్తుంది. దానికి మేం పెట్టుకున్న పేరు పెద్దాయన. 'పెద్దాయన్ని లేపావా?' అనేది మా కొట్టులో పొద్దుటి పలకరింపు.

నాన్న పెట్టిన కట్టుబాటు ఇంకొకటి ఉంది. పలక మోస్తున్న ఇద్దరిలో ఎవరి పట్టు సడలినా వెంటనే 'దించు' అనాలి. రెండోవాడు ఎందుకని అడక్కుండా దించాలి. తరవాత కూడా అడక్కూడదు. నాన్న జతగాడొకడు పరువు కోసం ఆ మాట మింగేసిన రోజు నాన్న ముంజేతి మీద మోచేతి దాకా ఒక గీత పడింది. ఆయన పోయేదాకా ఎండాకాలంలో కూడా పొడుగు చేతుల చొక్కానే వేసుకున్నాడు.

ఇక నా సంగతి. చలికాలం చివర్లో నా కుడి బొటనవేలి మొదట్లో చిన్న నొప్పి బయల్దేరింది. తాళంచెవి తిప్పితే గుచ్చేది. కుళాయి కట్టేస్తే గుచ్చేది. పోతుందిలే అనుకుంటే, పోను పోను పలక పట్టుకున్నప్పుడు నొప్పి కూడా లేకుండా పట్టు వదిలెయ్యడం మొదలుపెట్టింది. నొప్పి అయినా నయం, ముందు చెప్పి వస్తుంది. డాక్టరు ఫోటో తీయించి చూసి, కీలు అరిగిందనీ, బరువులు మానెయ్యాలనీ అన్నాడు. గిట్టుబాటు కాని బేరానికి ఊపినట్టు తలూపి బయటికొచ్చాను.

ఎందుకు మానలేకపోయానో చెబుతాను. సరిగ్గా అప్పుడే, ఏళ్ల తరబడి నాతో జతగా మోసిన పొడుగాయన మా ఎదురుగానే సొంత కొట్టు పెట్టుకున్నాడు. మంచివాడే. పోతూ పోతూ పెద్దాయన్ని కూడా ఒకసారి ముట్టుకుని మరీ పోయాడు. కానీ వ్యాపారం వ్యాపారమే. అదే నెలలో కొత్తగా కడుతున్న హోటల్ పని నాకు వచ్చింది. పై అంతస్తు హాల్లో గోడలనిండా అద్దాలు. లిఫ్టు ఇంకా బిగించలేదు, అంతా మెట్ల మీద మోయాలి. వానలు పడేలోపు అయిపోవాలి. కాంట్రాక్టరు పెట్టిన షరతు ఒకటే: 'షావుకారూ, కింది చెయ్యి నీదే అయ్యుండాలి. నువ్వు రాలేనంటే ఎదురు కొట్టుకి వెళ్తాను.'

మెట్ల మీద పలక ఎక్కించేటప్పుడు కిందివాడి మీదే బరువు పడుతుంది. దాన్నే కింది చెయ్యి అంటాం. పైవాడు దారి చూపిస్తాడు, పలక పక్కకి వాలకుండా పడతాడు. కింది చెయ్యి నాదే అన్నాను. అన్నది ఎడమచేత్తో గడ్డం గోక్కుంటూ.

మరి పై చెయ్యి ఎవరిది? కూలికి ఇద్దరు ముగ్గుర్ని రప్పించాను. పెద్దాయన దగ్గరే తిరుగుటపా కట్టారు. ఆ రోజు మా ఆవిడ గుమ్మం దగ్గర నేల మీద కూర్చుని లప్పం పిసుకుతోంది. కిటికీ చట్రంలో అద్దం కదలకుండా చుట్టూ ఒత్తే ముద్ద అది. పెళ్లై వచ్చినప్పటినుంచీ ఆ పిసకడమూ ఆవిడదే, బొటనవేలితో అంచు పొడుగునా ఒత్తుకుంటూ పోవడమూ ఆవిడదే. చేతులు తుడుచుకుని లేచింది.

"పై చెయ్యి నేను పడతాను," అంది.

గల్లాపెట్టె దగ్గర కుర్చీలో మా అమ్మ ఉంది. ఆ కుర్చీకి ఒక కాలు పొట్టి, కూర్చున్న మనిషి కదిలితే ఊగుతుంది. అయినా అమ్మ దాన్ని ఎవరికీ ఇవ్వదు. తను పోయాకే ఆ కుర్చీ ఖాళీ అవుతుందని ఒకటికి పదిసార్లు చెప్పి ఉంది. కోడలి మాట విని, పలక నిలువునా ఎంతుందో నువ్వు ఎంతున్నావో చూసుకున్నావా అంది. మా ఆవిడ, పొడుగు చూసి పెట్టుకున్న మనిషి ఎదురు కొట్లో కూర్చున్నాడు కదత్తయ్యా అంది. అమ్మ నవ్వాపుకుంది.

మా ఆవిడ పెద్దాయన దగ్గరికి వెళ్లి పిడి పట్టుకుంది. నేల వదిలింది, జానెడు లేచింది. అంతలోనే వేళ్లలోంచి మెల్లగా దొర్లి దబ్బున పడింది.

"చప్పుడైంది," అంది అమ్మ.

సాయంత్రమే మా ఆవిడ వాళ్ల తమ్ముడి దగ్గరికి వెళ్లింది. మా బావమరిది పక్క వీధిలో మేడ మీద జిమ్ము నడుపుతాడు. ఒళ్లంతా కండలే గానీ మాట మెత్తన. అక్కకి డంబెల్స్ ఎత్తడం నేర్పించబోతాడనుకుంటే, అసలు వాటి జోలికే పోనివ్వలేదు. చదునుగా ఉండే రెండు ఇనుప పళ్లేలు, నున్నటి వైపులు బయటికి వచ్చేట్టు జోడించి, వేళ్ల కొసలతో చిటికెపట్టు పట్టి నిలబడమన్నాడు. పెద్ద మూతి డబ్బాలో ఇసక పోసి, మూత పట్టుకునే మోయమన్నాడు. సన్న రాడ్డుకి తుండుగుడ్డలు చుట్టించి వేలాడమన్నాడు. బకెట్టులో ఇసక పోసి, ముడిచిన చెయ్యి లోపల గుచ్చి వేళ్లు విప్పమన్నాడు. ముడవడమే పని అనుకుంటాం గానీ, విప్పే బలం లేని చెయ్యి ముడిచే బలాన్నీ నిలుపుకోలేదట. అందుకోసం వేళ్ల చుట్టూ రబ్బరు బ్యాండ్లు కూడా తగిలించాడు. నోట్ల కట్టలకు వేసేవాటికంటే దళసరివి. మా ఆవిడ వాటితోనే కూరలు కొనడానికి వెళ్లేది.

ఒకరోజు చూద్దామని నేనూ మేడెక్కాను. వెళ్లకుండా ఉండాల్సింది. బావమరిది ఎదురొచ్చి చెయ్యి కలిపాడు. వాడి పట్టు సంగతి చెప్పాలా. నా నోటిదాకా వచ్చిన కేకని దగ్గుగా మార్చి, గొంతులో ఏదో అడ్డం పడిందన్నాను. వాడు వెంటనే చెయ్యి వదిలేసి నా మొహంలోకి చూశాడు.

"నువ్వు కూడా రా బావా, రోజూ. పాత చెయ్యికి కూడా మెరుగు పెట్టాలి."

"నా చెయ్యికి మెరుగేమిట్రా, మీ అక్కని చేసుకున్నప్పుడే అరిగిపోయింది," అన్నాను.

వాడు నవ్వాడు గానీ ఆ నవ్వు తొందరగా ఆగిపోయింది. వెనక మా ఆవిడ పళ్లేలు పట్టుకుని నిలబడి ఉంది. అద్దంలోంచి మమ్మల్నే చూస్తోంది. ఆ అద్దం కూడా మేం బిగించిందే.

ఇంటికొచ్చాక నాకు మనసు నిలవలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరేమన్నా అది నా వేలికే తగిలేది. అమ్మ మోకాళ్లకి రాసుకునే నొప్పుల మందు నేను వాడేవాణ్ణి. ఒకరోజు అన్నాల దగ్గర అమ్మ, నా మందు సీసా ఇంత తొందరగా ఎలా అయిపోతోంది, ఎవరైనా తాగుతున్నారా ఏమిటి అంది. మా ఆవిడ వంచిన తల ఎత్తకుండా, ఎండకి ఆవిరైపోతుందేమో అత్తయ్యా అంది. నేను మంచినీళ్లు తాగాను, గ్లాసు ఎడమచేత్తో పట్టుకుని.

పొద్దున్నే అందరికంటే ముందు వెళ్లి కొట్టు తెరవడం అప్పుడే అలవాటు చేసుకున్నాను. వాళ్లు వచ్చేసరికి పెద్దాయన వీధి గుమ్మం దగ్గర ఉండేవాడు. అంటే నేను లేపి నడిపించినట్టు లెక్క. నిజానికి మొదట్లో ఎడమచేత్తో మోశాను. ఎడమచెయ్యి కూడా తిరగబడ్డాక కాలితో దొర్లించాను. పైన పటారం, లోన లొటారం అంటారే, అలా గడిచాయి రోజులు. ఒకరోజు మా ఆవిడ కొట్టు ఊడుస్తూ గోడౌను నుంచి గుమ్మం దాకా వంగి చూసింది. నేల మీద గీతలు పడుతున్నాయండీ అంది. మర్నాడు ఎక్కడినుంచో పాత రబ్బరు చాప తెచ్చి ఆ దారి పొడుగునా పరిచింది.

నాకు భయం రెండువైపులా ఉండేది. ఆవిడ వేలు బలపడకపోతే పని పోతుంది. బలపడితే మెట్లెక్కాలి. మెట్లెక్కితే కింద ఉండేది నేను. నా చెయ్యి వదిలితే పలక ముందు నా మీదికి వస్తుంది, అది నా ఖర్మ. కానీ దాని పై చివర పట్టుకున్న మనిషి దానితోపాటే కిందికి వస్తుంది. అంత మందం పలక మెట్ల మీద పగిలితే ఎవరి చెయ్యి, ఎవరి మొహం అని చూడదు. ఆవిడ కూరలు తరుగుతుంటే, జడ వేసుకుంటుంటే, ఆ చేతుల వంకే చూస్తూ ఉండిపోయేవాణ్ణి. ఏమిటలా చూస్తున్నారు అంటే, లప్పం అంటింది అనేవాణ్ణి.

మధ్యలో ఒక పొరపాటు జరిగింది. పట్టుదల కొద్దీ ఆవిడ విరామమన్నది లేకుండా చేసింది. ఒక మధ్యాహ్నం నూనె సీసా మూత రాలేదు. బొటనవేలి కింద బూరెలా వాచింది. బావమరిది పరుగెత్తుకొచ్చి, వేలన్నది గాడిద కాదక్కా, చేసిన పనికి రెండింతలు పడుకోనివ్వాలి అని కోప్పడ్డాడు. వాపు తగ్గేదాకా ఇసక లేదు, పళ్లేలు లేవు అన్నాడు. ఆ కబురు విని నేను లోపల్లోపల ఎంత తేలికపడ్డానో చెబితే నాకే సిగ్గు. పని వెనక్కి పోతుంది, నాకు గడువు దొరుకుతుంది. కాంట్రాక్టరుకి ఫోను చేసి, పలకల మందం విషయంలో చిన్న తేడా వచ్చిందని చెప్పాను. అతను వాన మొదలయ్యే లోపు అంటే లోపే అన్నాడు. ఎదురు కొట్టు ముందు పొడుగాయన కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి మర్యాదగా లేచి నిలబడ్డాడు. ఆ మర్యాద నాకు మరీ భయంగా ఉంది.

వాపు తగ్గింది. తగ్గాక ఆవిడ చెయ్యి ముందటి చెయ్యి కాదు. ఒక పొద్దున నేను పెద్దాయన్ని గుమ్మం దగ్గర 'నిలబెట్టి' కూర్చునేసరికి ఆవిడ వచ్చింది. చీర కొంగు దోపింది, అరచేతికి సుద్దపొడి రాసుకుంది. పిడి మీద చెయ్యి వేసి, ముందు నాలుగు వేళ్లు సర్దుకుంది. బొటనవేలిని ఎదురుగా, లప్పం ఒత్తేటప్పుడు ఎలా పెడుతుందో అలా, వాల్చి ఆనించింది. లేపింది. దొర్లబోయింది. దొర్లనివ్వలేదు. రబ్బరు చాప మీద ఒక్కొక్క అడుగే వేసుకుంటూ గోడౌను దాకా వెళ్లి, వంగి, దించింది.

ఇద్దరం అమ్మ వైపు చూశాం. అమ్మ చెవి ఒగ్గి, ఏం వినపడలేదే అంది. మా కొట్టులో అంతకంటే పెద్ద మెప్పు లేదు.

ఆ రోజునుంచైనా కసరత్తు తగ్గిస్తుందనుకున్నాను. తగ్గించలేదు. పెద్దాయన చివర్లకి తాడుతో అదనంగా ఇనుప బిళ్లలు కట్టి లేపడం మొదలుపెట్టింది. పై చెయ్యికి ఇంత బలం అక్కర్లేదక్కా అని బావమరిది నా ముందే అన్నాడు. ఉంటే చేదా అంది. అవసరానికి మించి సరుకు కొనేవాణ్ణి చూస్తే, ఎందుకు కొంటున్నాడా అని నాలుగు దిక్కులా ఆరా తీసే మనిషిని నేను. ఆ రోజు మాత్రం ఆరా తియ్యలేదు. అంతకుముందు ఒకసారి అన్నం వడ్డిస్తూ, మెట్ల మీద కింద నేనుంటే ఎలా ఉంటుందండీ అని అడిగింది కూడా. కింది చెయ్యి కొట్టు యజమానిది, అది మాటిచ్చిన బేరం అన్నాను. సరే అంది.

పలకలు మోసే రోజు వచ్చింది. ఆ పొద్దున ఆవిడ నాతోపాటే బయల్దేరి కొట్టుకి వచ్చింది. నాకు ముందు వెళ్లే వీలు చిక్కలేదు. ఆవిడ పెద్దాయన్ని లేపి, నడిపి, గోడౌను దగ్గర దించి పక్కకి తప్పుకుంది. అమ్మ కుర్చీలో సర్దుకుంది. ఇద్దరూ నా వంక చూడలేదు. చూడకపోవడం అంత బరువుగా ఉంటుందని నాకప్పుడే తెలిసింది.

"వ్యాను వచ్చింది, పదండి పదండి," అన్నాను. వ్యాను ఇంకా వీధి మలుపు దగ్గరే ఉంది.

హోటల్లో మెట్లు మధ్యలో ఒకసారి మలుపు తిరుగుతాయి. మలుపు దగ్గర చిన్న చప్టా. మెట్ల కింద కాంట్రాక్టరు, అతని మనుషులు. పొద్దుటి ఎండకే అరచేతులు చెమట పట్టాయి. రబ్బరు తొడుగులు వేసుకున్నాం. మొదటి పలక, అన్నిటికన్నా పెద్దది. ఆవిడ పైన, నేను కింద. లేపాం.

మొదటి మెట్లు బాగానే గడిచాయి. పలక మా మధ్య నిలువునా నిలబడి ఉంది. అందులోంచి ఆవిడ మొహం కనపడదు, అద్దం వైపు నాది. నా మొహమే నాకు కనిపిస్తూ, నాతోపాటు మెట్లెక్కుతోంది. చప్టాకి ఇంకా కొంచెం దూరం ఉందనగా బొటనవేలు వదిలేసింది. నొప్పి లేదు. ఉన్నది లేకుండా పోయింది, అంతే. పలక వేళ్లలో వెంట్రుకవాసి తిరిగింది. పెద్దాయన దొర్లడానికి ముందు తిరుగుతాడే, అలా.

ఒక్క మాట అనాలి. రెండే రెండక్షరాల మాట. కింద కాంట్రాక్టరు నిలబడి ఉన్నాడు. ఆ మాట నా నోట్లో తిరుగుతోంది, బయటికి రాదు. అద్దంలో నా మొహం నోరు మూసుకునే ఉంది. ముంజేతిని పలక కింద దూర్చి, మోకాలు ఆనించి, ఇంకో మెట్టు ఎక్కాను. ఇంకొకటి. చప్టా అంచు పాదానికి తగిలింది.

"దించు," అంది మా ఆవిడ.

దించాం. గోనె మడతల మీద పలక కాలు మోపింది. చప్పుడు కాలేదు. నా చొక్కా వీపుకి అంటుకుపోయింది.

కాంట్రాక్టరు కిందినుంచి, ఏమైంది అని అరిచాడు. నేను నోరు తెరిచేలోపే ఆవిడ వంగి చూసింది.

"నా వేలు జారిందండీ."

అతను తన మనుషుల వైపు తిరిగి, ముందే అనుకున్నాను, ఇవి ఆడవాళ్ల పనులా అన్నాడు. వాళ్లు నవ్వారు. ఆవిడ ఆ నవ్వు అయ్యేదాకా ఆగింది. తొడుగు విప్పి, అరచెయ్యి తుడుచుకుని, సుద్దపొడి రాసుకుంది. ఆ బొటనవేలిని నేను చూశాను. నిలకడగా ఉంది. జారిన వేలు అలా ఉండదు, జారిన వేలు ఎలా ఉంటుందో నాకంటే తెలిసినవాళ్లు ఆ భవనంలో లేరు.

"పై చివర నాకు కుదరట్లేదు. మీరు పైకి వెళ్లండి, నేను కింద పడతాను," అంది. కిందివాళ్లకి వినపడేంత గట్టిగానే అంది. పాపం, బరువు తక్కువ ఉన్నచోటికి మారింది అనుకుని ఉంటారు వాళ్లు. కింది చెయ్యి అంటే ఏమిటో కాంట్రాక్టరుకి తెలుసు. అతను నవ్వడం మానేసి నా వైపు ఒకసారి చూశాడు, ఆవిడ వైపు ఒకసారి చూశాడు. షరతు సంగతి ఎత్తబోయి, పలక కింద ఆవిడ చెయ్యి వేసిన తీరు చూసి ఊరుకున్నాడు.

నేను పైకి మారాను. పై చివర నాకు అరచేతుల మీదే ఆనింది, బొటనవేలితో పెద్ద పని పడలేదు. కింద ఆవిడ లేపింది. పలక మళ్లీ కదిలింది. ఆ మిగిలిన మెట్లలో అది ఒక్కసారి కూడా తిరగలేదు. మధ్యాహ్నానికి మొదటి గోడ నిండింది. హాల్లో ఎటు చూసినా మేమిద్దరమే, సుద్దపొడి చేతులతో.

తిరుగుదారిలో వ్యాను ముందు సీట్లో ఇద్దరం పక్కపక్కనే కూర్చున్నాం. దించమన్నది ఎందుకని అడగాలనుంది. అడక్కూడదు, అది నాన్న పెట్టిన కట్టుబాటు. ఎంత మంచి కట్టుబాటో ఆ రోజు తెలిసింది, ఎంత కష్టమైనదో కూడా తెలిసింది. ఎండ మొహాన కొడుతోంది. ఆవిడ వేళ్ల చుట్టూ రబ్బరు బ్యాండు తగిలించుకుని, విప్పుతూ ముడుస్తూ బయటికి చూస్తోంది. కాసేపటికి ఇంకో బ్యాండు నా ఒళ్లో వేసింది. అది ఆవిడ వాడేదాని కంటే పల్చటిది. కొత్తది. బావమరిది ఇచ్చాడా అన్నాను. నొప్పి ఉన్న చేతికి అదేనట అంది.

మర్నాడు రెండో గోడ పని. ఆలస్యంగా లేచాను, కావాలనే. కొట్టుకి వెళ్లేసరికి అమ్మ కుర్చీలో ఉంది. బావమరిది గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు, వాణ్ణి ఎవరు పిలిచారో నేను అడగలేదు. వాడు పొద్దున్నే పెద్దాయన్ని లేపి నడిపించాడట, అమ్మ చెప్పింది. మా ఆవిడ అప్పుడే లేపి గోడౌను వైపునుంచి వస్తోంది. గుమ్మం దగ్గర దించలేదు. నా దాకా నడిచొచ్చి నా పాదాల ముందు దించి, పక్కన నిలబడింది.

మేకపోతు గాంభీర్యం నాకు కొత్త కాదు. ఏదో ఒకటి అని తప్పించుకోవచ్చు. వ్యాను వచ్చిందనొచ్చు, ఫోను మోగిందనొచ్చు. ఎదురుగా పొడుగాయన కొట్టు తలుపులు తీస్తున్నాడు, అతన్ని పలకరించొచ్చు. అన్నీ మనసులో ఒకసారి తూచి చూశాను. ఏదీ ఆ మెట్ల మీది చప్టాకి సరితూగలేదు.

వంగి, కుడిచేత్తో లావు పిడి పట్టుకున్నాను. ఎన్నాళ్లయిందో ఆ చేత్తో పట్టుకుని. నాలుగు వేళ్లు సర్దాను, బొటనవేలు ఎదురు పెట్టాను. లేపాను. నేల వదిలింది. జానెడు లేచింది. గుచ్చింది, ఆ తరవాత గుచ్చడం కూడా ఆగిపోయింది. పిడి మెల్లగా తిరగడం మొదలైంది.

"దించు," అన్నాను.

మా ఆవిడ ఎందుకని అడగలేదు. కింద చెయ్యి పెట్టింది. బరువు నా చేతిలోంచి ఆవిడ చేతిలోకి మారింది. ఇద్దరం వంగాం. పెద్దాయన రబ్బరు చాప మీద ఆనాడు.

అమ్మ కాసేపు చెవి ఒగ్గి కూర్చుంది. తరవాత గల్లాపెట్టె మీద చెయ్యి ఆనించి, మోకాళ్లు పట్టుకుని, మెల్లగా కుర్చీలోంచి లేచింది.

"ఒక కాలు పొట్టి," అంది నా వైపు తిరిగి. "అలవాటయ్యేదాకా ఊగుతుంది. చూసి కూర్చో."